చూపుకీ చూపుకీ నడుమ

"మల్ల ఎగిరింది ముల్లు!" ప్రవీణ్ సేటు కేక పెట్టాడు.

భిక్షం ఉలిక్కిపడ్డాడు. ఇప్పుడేగా చూసింది, మీటరులో బాయిలర్ ఒత్తిడి సరిగ్గానే ఉంది! ఆవిరి వాల్వు గబగబా తిప్పాడు. మళ్లీ చూసేసరికి ముల్లు అడుగుకు పడిపోయింది.

నకిరేకల్ దగ్గరి ఆ ఉప్పుడు బియ్యం మిల్లులో జుట్టు నెరిసేదాకా అదే వాల్వు తిప్పినవాడు భిక్షం. ముల్లు ఏనాడూ వణికింది లేదు. పొద్దున్నుంచే ఏదో తేడా. సేటు తలుపు దగ్గర ఉంటాడు, అంతలోనే కుర్చీలో ఉంటాడు. నడుమ నడిచిన నడక ఉండదు. పొగలు కక్కే చాయ్ మీద ఉన్నట్టుండి మీగడ కట్టి ఉంటుంది.

కళ్లు పోతున్నాయా? ఇవాళే పోవాలా!

ఇంజినీరు హరిత నెలల తరబడి అతని చేతికి తీగలు చుట్టి, ఆ చేతి ఒడుపంతా ఒక పెట్టెలోకి ఎక్కించింది. కొలువు పెట్టెకా, భిక్షానికా, ఇవాళ తేలిపోతుంది. ఆ పెట్టె ఎక్కడ పెట్టారో మాత్రం ఎంత వెతికినా అతనికి కనిపించలేదు.

"సేటూ, జర ఓపిక పట్టున్రి. నన్ను తియ్యకున్రి," అన్నాడు. ఎవరూ తల తిప్పలేదు. బాయిలర్ హోరులో వినపడలేదేమో.

"గిట్లయితే పేలుతది మేడం! నీ సదువేమో గని నా మిల్లు మీదికి లేస్తది."

"చెయ్యిల తప్పు లేదు సార్, సూపుల ఉన్నది. ఒకపారి సూసి మల్ల సూసేటాలకు ఆలిశమైతాంది. నడుమ ఏమైందో తెలుస్తలేదు, గందుకే ఎక్కువ తిప్పుతుండు." హరిత ల్యాప్‌టాప్ మీద టకటకా కొట్టింది. "ఇగ ఎడం లేకుంట సూస్తడు."

తన కళ్ల సంగతి ఈ పిల్లకెలా తెలిసింది? భిక్షం సిగ్గుపడేలోపే ముక్కలైన లోకం అతుక్కుంది. సేటు అడుగు తర్వాత అడుగు వేస్తున్నాడు. వాల్వు రవ్వంత తిప్పితే ముల్లు రవ్వంత కదిలింది. తర్వాత మేకు కొట్టినట్టు నిలబడింది.

"అచ్చం భిక్షం లెక్కనే!" సేటు నవ్వాడు.

"లెక్కన గాదు సార్, భిక్షమే. తిండడుగడు, నిద్రడుగడు. ఎన్నటికీ గిక్కడ్నే."

భిక్షం ప్రాణం కుదుటపడింది. కొలువు నిలిచింది! భార్య బక్కమ్మకు చెప్పాలి. ఆమె కట్టిన టిఫిన్ గిన్నె గోడకు అలాగే వేలాడుతోంది. ఎందుకో ఆకలే లేదు.

"ఇగ బయట కూసున్నాయన్ను ఇంటికి పొమ్మందం," అన్నాడు సేటు, గొంతు తగ్గించి. "నాకైతే మొఖం సూసి చెప్పబుద్ధైతలేదు."

ఎవరో పాపం, అనుకున్నాడు భిక్షం.

తలుపు కిర్రుమంది.

టిఫిన్ గిన్నె కోసం, బయట కూర్చున్న భిక్షం లోపలికొచ్చాడు.