వెనక చక్రం

డైనింగు టేబుల్ మీద ఏడో కారు కూడా మూడు చక్రాలతోనే చేరేసరికి వకుళకి ఒళ్ళు మండిపోయింది.

"పప్పు గిన్నె నెత్తిన పెట్టుకోమంటావా బావా?"

"నాలుగో చక్రం వచ్చేదాకా ఇవి తియ్యను," అన్నాడు శేషగిరి, చేతికి అంటుకున్న జిగురు గోక్కుంటూ.

అది పొడుగు ముక్కు డ్రాగ్ రేసు కారు. చిన్నప్పుడు వకుళ నాన్న తన మేనల్లుడు శేషగిరికి కొనిచ్చిన మోడల్ కిట్. ఇప్పుడు పాత కిట్లన్నీ మళ్ళీ వస్తున్నాయి. కంపెనీవాళ్ళిచ్చిన పలక మీద బొటనవేలు ఆనిస్తే చాలు, జ్ఞాపకం చదివేసి, మనిషికి ఎలా గుర్తుంటే అలాగే పోతపోసి పంపేస్తారు. శేషగిరికేమో వెనక చక్రం గుర్తే లేదు. పెట్టె విప్పిన రోజే అది మాయమైంది మరి.

"ఇంకో పది తెప్పిస్తా. ఏదో ఒకదాంట్లో రాదా?"

పది అనేసరికి వకుళ ఇక తట్టుకోలేకపోయింది. యాభై ఏళ్ళు కడుపులో దాచుకున్న సంగతి దాచుకున్నట్టే ఉంచి, చెయ్యి కొంగుకి తుడుచుకుని తన వేలు ఆనించింది.

సాయంత్రానికి పెట్టె వచ్చింది. నాలుగు చక్రాలూ ఉన్నాయి. ఒకదాని అంచున మాత్రం చిన్నచిన్న పంటి గాట్లు.

శేషగిరి దాన్ని కళ్ళజోడు దగ్గర తిప్పితిప్పి చూశాడు.

"పిల్లి ఎత్తుకుపోయిందన్నావు కదే!"

"నల్లగా ఉంటే బెల్లం జీడి అనుకుని కొరికాను. నాకప్పుడు ఐదేళ్ళు. ఇక టేబుల్ మీంచి ఇవి తియ్యి."

"తియ్యడమేంటి? మిగతా ఏడింటికీ చక్రాలు నువ్వే తెప్పించాలి."

వకుళ పప్పు గిన్నె నేలమీద పెట్టి, తనకొక్కదానికే పీట వాల్చుకుంది.