ఓగ్న్యెన్ తాగలేదు

అధ్యక్షుడు గారూ,

నాకు చదువు రాదు. రాసేది పక్కింటామె, మాట మాత్రం నాది.

మోకాలు విరిగి బాస్కెట్‌బాల్‌కు దూరమైన నా మనవడు ఓగ్న్యెన్, మీ క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పే పని అడిగాడు. తాగి పడ్డవాడు మాకొద్దన్నారట మీరు. వాడు తాగలేదు.

బెల్‌గ్రేడ్‌లో తొలి పెద్ద మ్యాచ్‌కు బయల్దేరిన జనవరి పొద్దున అది. బస్సు దాకా వెళ్లి, బూట్లు మరిచానని పరుగెత్తుకొచ్చి మా గుమ్మం మెట్ల మీద జారాడు. ఎత్తింది నేనే. నోట్లో పాల వాసన తప్ప ఏమీ లేదు.

"రాకియా తాగి పడ్డాను నానమ్మా. ఎవరడిగినా అంతే చెప్పు."

"పొద్దున్నే నీకు రాకియా ఎవడు పోశాడ్రా, అబద్ధాలకోరా!"

"నీకు దణ్ణం పెడతాను, ఊరుకో."

ఊరుకున్నాను. ఏడేళ్లు.

ప్రయాణమయ్యేవాడి వెనక నీళ్లు పోయడం మీ ఇంట్లోనూ ఉన్నదే, పని నీళ్లలా సాఫీగా సాగాలని. ఆ రోజు వాడు గేటు దాటగానే మెట్ల మీద కూజా నిండా నీళ్లు కుమ్మరించాను. వాడు తిరిగొచ్చేసరికి అవి గడ్డకట్టాయి.

ఏడేళ్లుగా వాడు కుంటుతూ దాస్తున్నది నన్ను. ఆ తాగుబోతన్న మాట కొట్టేసి, అక్కడ నా పేరు రాయండి.