చంద్రమండలం సెట్టు

“చూడు బావా, చంద్రమండలం మీదకి ఎవడూ వెళ్లలేదు. అంతా సెట్టింగే,” అంటూ బావమరిది తన ఫోను వడ్రంగి చేతికిచ్చాడు. చంద్రమండలం సెట్టు వేస్తున్న దృశ్యాలతో అతను పెట్టిన ఆ వీడియోని పొద్దుటికే లక్షమంది చూశారు.

సినిమాలకీ ప్రకటనలకీ సెట్టింగులు వేసే ఆ వడ్రంగి కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. ఆ గుంతలూ, ఆ బూడిదనేలా తన చేతిపనే.

“ఇది పరుపుల ప్రకటనకి నేను వేసిన సెట్టురా. నాలుగేళ్లయింది.”

బావమరిది నవ్వాడు. “అలా చెప్పమని నీకెవరు నేర్పారు బావా?”

“ఒకరు నేర్పేదేంటి? మీ అక్కనే అడుగు. మూడు రోజులు దగ్గుకుంటూ బూడిద జల్లించింది తనే.”

ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డ ఆమె వైపు తిరిగారు. ఆమె తమ్ముడి మొహం చూసింది. ఏ పనిలోనూ కుదురుగా నిలవనివాడు, ఇన్నాళ్లకి నలుగురి నోటా మంచి అనిపించుకుంటున్నాడు.

“నాకేం గుర్తులేదురా,” అంది.

చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన వేలమంది కలిసి ఒకే అబద్ధం మీద ఎలా నిలబడతారని బావమరిదిని నిలదీద్దామనుకున్నాడు వడ్రంగి. భార్య మాట విన్నాక ఆ ప్రశ్న నోట్లోనే ఉండిపోయింది.