ఏసీ గదిలో ఈల

“చప్పుడు ఆగిన రోజున నీ సర్టిఫికెట్లు పట్టుకెళ్లు. అప్పటిదాకా ఆ మాటెత్తకు,” అన్నాడు పల్లంరాజు.

దుర్గాశ్రీ తల దించుకుని నిలబడింది. ఆమె డిగ్రీ ఒరిజినల్స్ ఆయన బీరువాలో ఉన్నాయి. కంప్యూటర్ ఆపరేటరుగా చేరిన రోజే అడిగి తీసుకుని తాళం వేశాడు. కాగితాలు తన దగ్గరుంటే మనిషి ఎక్కడికీ పోదని ఆయన నమ్మకం. సోమవారం ఆమెకు రాజమండ్రిలో బీఈడీ కౌన్సెలింగ్ ఉంది. ఒరిజినల్స్ చూపించకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇవాళ శనివారం.

పల్లంరాజుది రొయ్యల మేత వ్యాపారం. అంతకుముందు ఇరవై ఏళ్లు చెరువుగట్ల మీద డీజిల్ ఇంజన్ల పక్కనే బతికాడు. ఇంజను మోతని మించి అరవడం అలవాటై, భీమవరంలో ఆఫీసు పెట్టాక కూడా ఆ గొంతు దిగలేదు. పలకరించినా తిట్టినట్టే ఉండేది. తిట్టాలనుకుంటే ఇక చెప్పక్కర్లేదు.

అప్పట్లో కంప్యూటర్ అంటే ఏసీ ఉండాల్సిందే. దాని కోసం అద్దాల తలుపుతో ప్రత్యేకంగా ఓ గది కట్టించాడు. బయట వీధిలో లారీ పోయినా లోపలికి తెలిసేది కాదు. ఆ గదిలో కూర్చోవడం మొదలుపెట్టిన నెల తిరక్కుండానే కంప్యూటర్‌లోంచి ఏదో చప్పుడొస్తోందని పట్టుకున్నాడు.

గుమాస్తా హరిబాబు విని అవునన్నాడు. వ్యాను తోలే ఏసుపాదానికి గది బయట్నుంచే వినబడింది. దుర్గాశ్రీ మాత్రం తనకేం తెలియడం లేదంది. పొద్దస్తమానం దాని ముందు కూర్చునే మనిషికే తెలియడం లేదంటే దాన్ని పాడుచేసింది ఈ పిల్లేనని తేల్చడానికి పల్లంరాజుకి అరనిమిషం పట్టలేదు.

కంప్యూటర్లు బాగుచేసే మణిశంకర్ రావడం ఇది మూడోసారి. మొదటిసారి లోపలి ఫ్యాను మార్చాడు. చప్పుడు పోలేదన్నారు. రెండోసారి సీపీయూ మూత విప్పితే ఫ్యాను రెక్కల్లో పసుపు అక్షింతలు, ఎండిన బంతిపూరేకులు దొరికాయి. దసరాకి పల్లంరాజు స్వయంగా పూజ చేసి దాని నెత్తిన దోసెడు చల్లాడు. ఆ సంగతి బయటపడేసరికి గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. దేవుడి అక్షింతలు ఎక్కడైనా చప్పుడు చేస్తాయా అని ఆయనే ఎదురు గదమాయించాడు. అవన్నీ ఏరి పారేసినా చప్పుడు అలాగే ఉందన్నాడు.

ఈసారి మణిశంకర్ గుమ్మంలో చెప్పులు విడవకముందే తిట్లు మొదలయ్యాయి. నీవి చెవులా, ఉత్త డొప్పలా అన్నాడు పల్లంరాజు. ఇవాళ తేల్చకపోతే ఊళ్లో ఒక్క మేత కొట్టు కూడా నిన్ను గడప తొక్కనివ్వదన్నాడు. అన్నంత పనీ చేసే మనిషే. మణిశంకర్‌కి ఒళ్లు మండింది. పళ్లు బిగబట్టి పనిలోకి దిగాడు.

మూత విప్పి బ్రష్షుతో దుమ్ము దులిపాడు. లోపలి మరలన్నీ బిగించి మళ్లీ మూత వేశాడు. టేబుల్ కిందకి దూరి, మోకాళ్లు దులుపుకుంటూ లేచాడు. మానిటర్‌ని పక్కకి జరిపి సీపీయూ ఒక్కదాన్నే మధ్యలో పెట్టాడు. ఏసీ ఆపించి, అందర్నీ లోపలికి పిలిచి తలుపు మూశాడు.

“ఒక్కొక్కరూ దీనికి చెవి ఆనించి వినండి. ఏం వినబడితే అది ఉన్నదున్నట్టు చెప్పండి. అప్పుడుగానీ ఏ పార్టు పోయిందో తేలదండి,” అన్నాడు.

హరిబాబు ముందుకొచ్చి, చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

“ఆయ్. కిర్రుమంటోందండి.”

“కిర్రేంటయ్యా? సన్నగా ఈల,” అన్నాడు పల్లంరాజు.

“అవునండి, ఈలేనండి. కిర్రుమనే ఈల.”

తర్వాత ఏసుపాదం వంగాడు. బుసకొడుతున్నట్టుందని, రేడియేటర్ కారినప్పుడు తన వ్యాను కూడా అచ్చం ఇలాగే చేస్తుందని చెప్పాడు. యజమాని మొహం చూసి, మధ్యమధ్యలో ఈల కూడా ఉందని కలిపాడు.

మణిశంకర్ అవన్నీ బుద్ధిగా చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. అది చూసి దుర్గాశ్రీకి అతని మీదున్న కాస్త ఆశా పోయింది. ఇతనూ ఆ తానులో ముక్కే అనుకుంది.

ఆమె వంతు వచ్చింది. పల్లంరాజు బీరువా తాళాలు వేలికి తగిలించుకుని ఆడిస్తున్నాడు. తనూ ఒక్క ‘ఆయ్’ అనేస్తే ఆయన చల్లబడవచ్చు. సోమవారం రాజమండ్రి బస్సు ఎక్కవచ్చు. ఆమె వంగి చాలాసేపు వింది. నిజంగానే వినబడితే బాగుండునని కూడా అనుకుంది.

“నాకేం వినబడ్డం లేదండి,” అంది.

“అంటే నేను అబద్ధమాడుతున్నానా? ఇంతమందికి వినబడేది నీకొక్కదానికే వినబడదా?” అని పల్లంరాజు టేబుల్ గుద్దాడు. జీతమిచ్చి పాముని పెంచానన్నాడు. చప్పుడు ఆగేదాకా సర్టిఫికెట్లు బీరువా దాటవు, కౌన్సెలింగూ లేదు, కాకరకాయా లేదన్నాడు. ఆమెను పక్కకి తప్పుకోమని, తనే వంగి సీపీయూకి చెవి ఆనించాడు. లేచేసరికి మొహం కందగడ్డలా ఉంది.

“ఇవాళ ఇంకా గట్టిగా వస్తోంది. ఏవయ్యా, ఇంకెంతసేపు రాసుకుంటావు? ఏం పోయిందో చెప్పు.”

మణిశంకర్ పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

“బీరువా తీయండి రాజుగారూ,” అన్నాడు. “మీరంతా ఇందాకట్నుంచి చెవులు ఆనించి వింటున్న ఈ మిషన్‌కి నేను కరెంటు పీకేసి అరగంటైందండి.”