కొత్త ముక్కు

సైరన్ మోగింది. వేడిగాలి వస్తోంది.

ఆ గ్రహం మీద గాలిదుమారమంటే మాటలు కాదు. చిన్న ఎర్ర సూర్యుడు ఆకాశంలో ఒక్కచోటే తిష్ట వేసుక్కూర్చుంటాడు. ఆయన కింద సగం నేల కుతకుత ఉడుకుతూ ఉంటుంది. అక్కణ్ణించి గంధకపు ఆవిరి విరుచుకుపడిందంటే ఇనుము కూడా తట్టుకోలేదు.

ఆ స్థావరానికి ఉన్న రెండు తలుపుల కాపలా అక్కాతమ్ముళ్లది; ముందు తలుపు అక్కది. అందర్నీ లోపలికి తరిమింది.

కొత్తగా వచ్చినాయన ఒక్కడే గాలిముసుగుతో గడప బయట నిలబడి, తలుపు పైకీలు వంక చూస్తున్నాడు.

ఆయన్ని అందరూ ‘కొత్త ముక్కు’ అనేవారు. పీల్చే గాలిని యంత్రంతో తయారు చేసుకునే చోట, ఇంకో మనిషంటే ఇంకో ముక్కే మరి!

“రావయ్యా! నీకోసం తుఫాను ఆగుతుందా?”

“నువ్వు వేసేయమ్మా. నేను వెనక తలుపు నుంచి వస్తా.”

“నీ ఖర్మ!” అంటూ ఆమె గడియ బిగించింది.

వెనక తలుపు దగ్గర ఆమె తమ్ముడుంటాడు. వాడు తీస్తాడులే అనుకుంది.

గాలి వచ్చి పడింది. ఆ హోరులోనే తలుపు మీద ధన్‌మని చప్పుడు.

మళ్లీ. మళ్లీ.

“అమ్మా, ఆయనే! తీయమ్మా!” కూతురు కొంగు పట్టుకుని లాగింది.

“తీస్తే అందరం మాడిపోతామే. నువ్వూ పోతావు!”

“మరి ఆయన?”

ఆమె చెయ్యి గడియ మీదికి వెళ్లింది. వెనక్కి వచ్చేసింది. కూతుర్ని గుండెకి అదుముకుని, దాని చెవులు రెండూ మూసింది.

“చెబితే వినడే! ఎక్కడ దాపురించాడమ్మా నా ప్రాణానికి!” తిడుతూనే ఏడ్చింది.

చప్పుడు నెమ్మదించింది. ఆగిపోయింది.

గాలి తగ్గాక తలుపు ఓ పట్టాన రాలేదు. నలుగురు కలిసి తోశారు.

బయట ఆయన గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఊపిరి లేదు. చేతిలో సుత్తి ఉంది. విరిగిపోయిన పైకీలు చుట్టూ కొత్త మేకులు దిగి ఉన్నాయి. అవే లేకపోతే తలుపు మొదటి విసురుకే ఊడి లోపల పడేది.



అక్క పరుగున వచ్చిన తమ్ముడి చొక్కా పట్టుకుంది. “వెనక నుంచి వస్తానన్నాడురా! నువ్వెందుకు తీయలేదు?”

వాడు తెల్లమొహం వేశాడు.

“వెనక తలుపా? నీకు చెప్పేలోపే సైరన్ మోగింది... పొద్దున దాని కీలూ ఇలాగే విరిగితే, ఇక తెరుచుకోకుండా మేకులు కొట్టి మూసేసింది ఆయనేగా అక్కా!”