పునఃప్రసారం

కాలేజీ రేడియో మూతబడి పదహారేళ్లయింది. దాన్ని మళ్లీ బతికించి తీరతానని ఫైనలియర్ కుర్రాడొకడు పంతం పట్టాడు. మైకు దొరికితే వదలడు కాబట్టి స్నేహితులు వాడికి మైకాసురుడని పేరు పెట్టారు.

రేడియో గదికున్న తుప్పు పట్టిన తాళం తీయించిన రోజే లైబ్రరీ ఆయమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మా అమ్మాయి ఈ గదిలోనే మాట్లాడేది బాబూ. రోజూ మధ్యాహ్నం అరగంట. చివర్లో 'అమ్మా, ఇక రేడియో కట్టేసి అన్నం తిను' అనేది. కాలేజీ అంతా నవ్వేది."

"ఇప్పుడెక్కడుంది?"

"పోయింది. ఇక్కడ చదువుతుండగానే, జ్వరమొచ్చి." గుమ్మం దాటి లోపలికొచ్చింది. "దాని గొంతు ఒక్కసారి వినాలనుంది బాబూ. ఎలా ఉండేదో మర్చిపోతున్నాను."

మైకాసురుడి మనసు కరిగిపోయింది. బీరువాలో రెండొందల పైచిలుకు క్యాసెట్లున్నాయి. ఇద్దరూ కూచుని వారం రోజులు వెతికారు. ప్రతిదాని మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో ఎవరిదో ఒక పేరుంది.

"ఈ పేర్లన్నీ రాసింది మా అమ్మాయే," అంది ఆయమ్మ గర్వంగా. "ఊరందరి పనులూ నెత్తినేసుకునేది. తన పని దగ్గరికొచ్చేసరికి రేపు, ఎల్లుండి."

ఆ అమ్మాయి పేరు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆయమ్మ మొహం చిన్నబోయింది.

"బాధపడకమ్మా," అన్నాడు వాడు. "మన మొదటి కార్యక్రమం అక్క మీదే. అరగంటా నువ్వే మాట్లాడాలి."

ఫోన్లో రికార్డు చేసుంటే ఏ గొడవా ఉండేది కాదు. పాత రేడియో పాత పద్ధతిలోనే మొదలవ్వాలని వాడి పట్టుదల. ఖాళీ క్యాసెట్ కోసం బజారంతా గాలించాడు. కొట్లవాళ్లు నవ్వారు. చివరికి ఆయమ్మే బీరువా అడుగునుంచి ఒకటి లాగి, కొంగుతో దుమ్ము తుడిచి ఇచ్చింది.

"దీనిమీద ఏమీ రాసిలేదు బాబూ."

మైకు ముందు ఆయమ్మ మొదట తడబడింది. తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరం? కూతురి అలకలు, జడ వేయించుకోనని చేసే రాద్ధాంతం, పరీక్షల ముందు పట్టుకునే దొంగ కడుపునొప్పి, అన్నీ చెప్పింది. నవ్వింది, ఏడ్చింది. అరగంట ఇట్టే గడిచిపోయింది. మైకాసురుడు కూడా కళ్లు తుడుచుకున్నాడు.

"ఓసారి వెనక్కి తిప్పి విందామా?"

"వద్దు బాబూ. రేపు అందరితోపాటే వింటాను."

మర్నాడు మధ్యాహ్నం ఆయమ్మ కొత్త చీర కట్టుకుని లైబ్రరీలో తన పాత స్టూలు మీద కూచుంది. ఒళ్లో రేడియో. చుట్టూ పిల్లలు కిక్కురుమనకుండా విన్నారు. రేడియోలో తన గొంతే చెప్పాల్సిందంతా చెప్పి, ముక్కు చీదుకుని ఆగింది.

అక్కడ రేడియో గదిలో టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. మైకాసురుడు ఆపడానికి చెయ్యి చాచాడు.

వాడు మీట నొక్కేలోపే, "అమ్మా, ఇక రేడియో కట్టేసి అన్నం తిను," అంది ఓ ఆడపిల్ల గొంతు.