పేరు అడగని కంప్యూటర్

“పేరు అడుగుతున్నది తమ్మీ. పొద్దున లేస్తె అదే అడుగుడు,” అన్నాడు దశరథం, లాప్‌టాప్‌ను కౌంటర్ మీద పెడుతూ.

కంఠేశ్వర్‌లోని ఆ కంప్యూటర్ దుకాణం రంజిత్‌ది. వారం కింద ఆ లాప్‌టాప్‌ను అమ్మింది కూడా అతనే. తెరిచి చూశాడు. ‘మీ పేరు ఏమిటి?’ అని తెర తెలుగులో, మర్యాదగానే అడుగుతోంది. దాని కింద ఈమెయిల్, పాస్‌వర్డ్, ఫోన్ నంబరు. ఇవన్నీ చెప్పందే ముందుకు కదిలేది లేదని భీష్మించుకు కూర్చుంది.

“ఇప్పుడు అన్నిట్ల ఇట్లనే వస్తుంది సార్. కంపెనీల ఖాతా తెరువకపోతే పని చెయ్యదు. రెండు నిమిషాల పని. ఎవరి పేరు మీద పెడదాం?”

“ఎవరి పేరు వద్దు. ఖరాబైన పాత కంప్యూటర్ ఎన్నడు అడగలే. మీట నొక్కితె తెరుసుకుంటుండె. పైసలు పెట్టి కొన్నది నేను. నా ఇంట్ల కూసొని నన్నే ఎవలని అడుగుడేంది?”

దశరథం బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో, చెరకు బండ్లు తూచే కాంటా మీద పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లు ప్రతి రైతునూ ఊరూ పేరూ అడిగాకే బండిని కాంటా ఎక్కనిచ్చాడు. అదే ప్రశ్న తన దాకా వచ్చేసరికి ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది.

వెంట భార్య కూడా వచ్చింది. కుర్చీలో కూర్చుని ఫ్యాన్ వైపు చూస్తోంది. దుకాణంలోకి వచ్చినప్పటి నుంచీ దశరథం ఆమె మణికట్టు వదల్లేదు.

“ముగ్గులేసుకుంటది కంప్యూటర్ల,” అన్నాడు దశరథం, గొంతు కొంచెం తగ్గించి. “పొద్దుగాల పాతదాని ముందట కూసుంటె రెండు గంటలు మంచిగుంటుండె. వారమాయె ముగ్గెయ్యక. అన్నం పెడితె ముద్ద ముడుతలేదు. ఎట్లన్న జేసి తెరువు.”

రంజిత్ ఆమె వైపు తిరిగాడు. “వాడేది మీరే కదమ్మా. మీ పేరు చెప్పండి, మిగతాది నేను చూసుకుంట.”

“ఆమెనడగకు,” అన్నాడు దశరథం.

గట్టిగానే అన్నాడు. ఆమె నవ్వు మొహంతో అలాగే కూర్చుంది. రంజిత్‌కు ఒళ్లు మండింది. పాతకాలం మగవాళ్లు పెళ్లాం పేరు నోటితో అనరని అతనికి తెలుసు. అతని తాత కూడా నాయనమ్మను ‘ఇగో’ అనే పిలిచేవాడు. కానీ ఆమె పేరు ఆమెనైనా చెప్పుకోనివ్వని మొగుడిని చూడటం ఇదే మొదటిసారి.

“పోనీ, ముఖం చూపిస్తే తెరుచుకునేటట్టు పెడత. పేరు కొట్టే పని ఉండదు.”

“అద్దం లెక్క మొఖం కనవడతది గద అండ్ల?”

“కనబడుతుంది.”

“వద్దు. అది అసలే వద్దు.”

“ఆమె ముఖం ఆమెకు కనబడితే మీకొచ్చిన కష్టమేంది సార్?”

చాయ్ వచ్చింది. దశరథం ఆమె గ్లాసు కూడా తనే తీసుకుని, ఊది, ఒక గుక్క తాగి చూసి, అప్పుడు ఆమె చేతికిచ్చాడు. చాయ్‌కి కూడా ఈయన అనుమతి కావాలన్నమాట అనుకున్నాడు రంజిత్.

“నా మెయిల్ పెట్టి తెరుస్త. నెల రెండు నెలలకోసారి పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు నాకు ఫోన్ చెయ్యండి, చెప్త.”

“అది అడిగినప్పుడు నేను ఇంట్ల లేకపోతె?”

“ఆమె చేస్తది ఫోన్.”

“చెయ్యది.”

మీరు చెయ్యనియ్యరు అనబోయి రంజిత్ ఆగాడు. ఈయన కోసం కాదు, ఆమె ముగ్గుల కోసమైనా దీని సంగతి తేల్చాలనుకున్నాడు. ఖాతా లేకుండా తెరిచే అడ్డదారులను కంపెనీ ఒక్కొక్కటిగా మూసేస్తూ వచ్చింది. అతనికి తెలిసిన మూడూ పనిచేయలేదు. చివరికి లోపలున్నదంతా తుడిచేసి, పెన్‌డ్రైవ్‌తో ఖాతా అడగని సాఫ్ట్‌వేర్‌ను మొదటి నుంచి ఎక్కించాడు, బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌తో సహా. గంటన్నర పట్టింది. అంతసేపూ దశరథం గడియారం చూడలేదు, విసుక్కోలేదు. ఆమె లేవబోయినప్పుడల్లా మణికట్టు మెల్లగా లాగి కూర్చోబెట్టాడు.

“అయిపోయింది. మీట నొక్కితే తిన్నగా ముగ్గు దగ్గరికే పోతుంది. అమ్మా, మీరే నొక్కండి.”

ఆమె దశరథం వైపు చూసింది. ఆయన తల ఊపాక నొక్కింది. తెర వెలిగింది. ఏమీ అడగలేదు. తెల్లటి కాగితం లాంటి పేజీ వచ్చి నిలిచింది. అది ఇంకేదైనా అడుగుతుందేమోనని ఆమె కాసేపు చూసి, మౌస్ పట్టుకుంది. ఏడు చుక్కలు, ఏడు వరసలు. ఎక్కడా తడబడకుండా కలుపుకుంటూ పోయింది.

దశరథం అప్పుడు ఆమె చెయ్యి వదిలాడు. తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. ఇంత చిన్నదానికి ఏడుపెందుకో రంజిత్‌కు అర్థం కాలేదు. కోపం మాత్రం తగ్గలేదు. గ్యారంటీ చీటీ తీసి పెన్ను పట్టుకున్నాడు.

“వస్తువు ఆమెది, చీటీ ఆమె పేరు మీదనే రాస్త. ఇది మాత్రం చెప్పాల్సిందే సార్.”

దశరథం భార్య వైపు ఒకసారి చూశాడు. కౌంటర్ మీదికి వంగి, చాలా చిన్నగా చెప్పాడు.

“పుష్పలత అని రాయి.”

ఆమెకు వినబడింది. మౌస్ మీది చెయ్యి ఆగింది. తలెత్తి ఇద్దరినీ చూసి నవ్వింది.

“పేరు మంచిగున్నది, ఎవలిది?” అని అడిగింది.